చిత్తడినేల వైపు తిరిగిన బండి

సబైనా ఆనర్ మల్క్రోన్, పుట్టింటి పేరు లవెల్. తన పూర్తి పేరు అదేనని ఆమె జీవితమంతా నమ్మింది. ఉర్సులా కెవెనీ ఆమెను మొదటిసారి దగ్గరగా చూసింది తన అత్తగారి శవం పక్కన.

కిల్‌ఫార్నా ఊళ్ళో ఎవరు పోయినా, ఆ శరీరాన్ని కడిగి, బట్టలు మార్చి, చేతులు కలిపి జపమాల చుట్టి పడుకోబెట్టే పని సబైనాది. ఎవరూ ఆమెను నియమించలేదు. అంతకుముందు ఆ పని చేసిన మనిషి పోతే ఆమెను కడగడానికి వెళ్ళింది. అప్పటినుంచి ఆ పని ఆమెకే మిగిలిపోయింది. ఆ రోజు సముద్రం మీదినుంచి అడ్డంగా కొట్టే వానలో, తలకు కట్టిన గుడ్డ నీరు కారుతుండగా, ఆమె తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది. కిటికీ తెరిచింది. గడియారం ఆపింది. అద్దం మీద దుప్పటి వేసింది. తర్వాత గాని ఉర్సులా వైపు చూడలేదు.

"నీళ్ళు కాగాయా?"

"పెడుతున్నానండీ," అంది ఉర్సులా ముక్కు తుడుచుకుంటూ.

"కళ్ళు కూడా తుడుచుకుని పెట్టు అమ్మాయ్. ఏడవడానికి రేపు ఊరంతా వస్తుంది. నీళ్ళు మోయడానికి ఎవరూ రారు."

ఉర్సులా నీళ్ళు మోసింది. సబైనా చేతులు పెద్దవి, ఎర్రనివి, ఆశ్చర్యపడేటంత మెత్తనివి. కడుగుతున్నంతసేపూ ఆమె పోయిన మనిషితో మాట్లాడుతూనే ఉంది. "చెయ్యి వదులు విన్నీ. బతికున్నప్పుడు చాలదా ఈ మొండితనం? ఆఁ, అలాగ." మోచెయ్యి నిజంగానే వదులైనట్టు ఉర్సులాకు అనిపించింది.

దువ్వడం అయ్యాక సబైనా అడిగింది: "ఇక్కడే ఉంచుతారా, తన వాళ్ళ దగ్గరికి పంపుతారా?"

"ఇక్కడే పెద్దమ్మా. ఐదుగురిని కన్నది కదా."

"అయితే ఇక్కడే. కన్నది కన్నవాళ్ళ దగ్గర ఉండాలి."

ఆ తీరంలో ఆ ప్రశ్నకు రెండే జవాబులు. బిడ్డను కన్న కోడలు భర్త వాళ్ళ సమాధిలో పడుకుంటుంది. కననిది తిరిగి తన పుట్టింటి వాళ్ళ మట్టిలోకి పోతుంది. ఏ పాదిరీ ప్రసంగంలోనూ ఆ మాట వినబడదు, ఏ పుస్తకంలోనూ రాసి లేదు. అయినా ఉపవాసం తప్పినవాళ్ళున్నారు గాని దాన్ని తప్పినవాళ్ళు లేరు. ఉర్సులా పక్క ఊరి పిల్ల. ఆ ఊళ్ళోనూ అంతే.

వెళ్ళేముందు సబైనా చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో ఆగింది. "పాత కాగితాల ఆఫీసులో పనిచేసేది నువ్వేనా?"

"నేనే."

"ఊఁ," అని వానలోకి వెళ్ళిపోయింది.

ఆ ఆఫీసు ఊరి చివర మూతబడిన బడిలో ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటి పుట్టుకల, పెళ్ళిళ్ళ, చావుల నమోదు పుస్తకాల నకళ్ళు అక్కడే. వేసవిలో సముద్రం అవతలినుంచి జనం వచ్చి తాతముత్తాతల్ని వెతికించుకునేవాళ్ళు. వచ్చిన ప్రతివాడికీ వంశంలో ఒక జమీందారు కావాలి. దొరికేవాడు మాత్రం సంతకానికి బదులు గీత గీసిన కూలివాడు. ఆ గీత చూసి కొందరు ఏడ్చేవాళ్ళు, కొందరు పుస్తకం తప్పన్నట్టు ఉర్సులాతో వాదించేవాళ్ళు. శీతాకాలంలో ఎవరూ వచ్చేవాళ్ళు కారు. ఊళ్ళోవాళ్ళయితే ఏ కాలంలోనూ రారు. తమ పెద్దలెవరో తెలియని మనిషి ఆ ఊళ్ళో ఉండడు.

అందుకే శీతాకాలంలో సబైనా వచ్చి, కోటు విప్పకుండా కుర్చీ అంచున కూర్చున్నప్పుడు, ఎవరి చావు కబురు తెచ్చిందోనని ఉర్సులా ముందున్న పుస్తకం మూసింది.

"నా వాళ్ళెవరో వెతికిపెట్టు," అంది సబైనా.

"మీ వాళ్ళు లవెల్‌లు కదా పెద్దమ్మా? చర్చి కింది వీధి..."

"లవెల్‌లు నాన్న వైపు. నన్ను గుమ్మం దాటి లోపలికి రమ్మన్న పాపాన పోలేదు. మా అమ్మ ఎక్కడ పడుకుందో కావాలి నాకు." ఆమె కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. "ఇక్కడ గడ్డ ఉందన్నాడు డాక్టరు. కోయడానికి లేదట. గొర్రెలు ఈనే కాలం దాకా ఉంటే గొప్ప. ఊళ్ళో సగంమందిని ఎక్కడ పెట్టాలో నేను చెప్పాను. నన్నెక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు."

భర్త ఫెస్టస్ మల్క్రోన్ పోయి చాలా ఏళ్ళయింది. ఆమెకు పిల్లలు లేరు. ఊరి లెక్కన ఆమె పుట్టింటి మట్టికి పోవాలి. పుట్టింటివాళ్ళు కాదంటే మిగిలేది పాత ధర్మాసుపత్రి వెనక ఉన్న మడి. దిక్కులేనివాళ్ళను అక్కడ వరసగా పెట్టి, పైన గడ్డి మొలవనిచ్చేవాళ్ళు. అక్కడికి వెళ్ళినవాళ్ళనూ సబైనాయే కడిగింది. వాళ్ళతో కూడా మాట్లాడేది. అయితే పేరు తెలియక "అమ్మా" అనో "అయ్యా" అనో పిలవవలసి వచ్చేది.

"ఆ మడిలో పడుకోలేను అమ్మాయ్," అంది. "మిగతా దేనికీ భయం లేదు నాకు."

ఉర్సులా ఆమెకు టీ పెట్టి, తెలిసినదంతా చెప్పమంది. తెలిసినది కొంచెమే. నాలుగేళ్ళో ఐదేళ్ళో ఉన్నప్పుడు తల్లి పోయింది. ఆ వారంలోనే తండ్రి ఆమెను సన్యాసినుల అనాథ శరణాలయంలో దించి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. అక్కడ చెప్పింది ఇంతే: నీ పేరు సబైనా లవెల్, తండ్రి పీటర్ లవెల్, ఊరు కిల్‌ఫార్నా, తల్లి ఆనర్, చనిపోయింది. పదహారో ఏట ఒక రైతు ఇంట్లో పనికి పెట్టారు. ఇరవయ్యో ఏట ఆ ఇల్లు వదిలి, తల్లి ఇల్లు చూడాలని నడిచి కిల్‌ఫార్నా వచ్చింది. అప్పటికి పీటర్ లవెల్ ఇంగ్లండులో పనికి వెళ్ళి అక్కడే చనిపోయాడు. ఇల్లు కూలి ఉంది. లవెల్‌లు తలుపు సగం తెరిచి, శరణాలయం పిల్లకు ఎంత చెప్పాలో అంత చెప్పి మూసుకున్నారు. వెనక్కి పోవడానికి చోటు లేక ఆమె చేపలు శుభ్రం చేసే పనిలో చేరింది. అక్కడ ఫెస్టస్ దొరికాడు.

"మరి అమ్మ గురించి మీకేమైనా గుర్తుందా?"

సబైనా కప్పు పక్కకి జరిపింది. "దగ్గు గుర్తుంది. తర్వాత బండి. గోడ మీద కూర్చున్నాను. ఎవరో ఆడమనిషి నా భుజం పట్టుకుంది. పెట్టెను బండిలో పెట్టారు. మా ఇంటిముందు దారి చీలుతుంది. ఎడమకు పోతే చర్చి, లవెల్‌ల సమాధులు. కుడికి పోతే చిత్తడినేల, దాని వెనక కొండ. బండి కుడికి తిరిగింది." తల అడ్డంగా ఊపింది. "చిన్నపిల్ల కళ్ళు. ఎటు తిరిగిందో ఎవరికి తెలుసు? పిల్లను కన్న తల్లిని కుడికి ఎందుకు తీసుకుపోతారు?"

"తీసుకుపోరు," అంది ఉర్సులా. ఆ మాట అనడానికి ఆమె కొంచెం కూడా తడుముకోలేదు.

చావు నమోదు తేలిగ్గానే దొరికింది. ఆనర్ లవెల్, వివాహిత, వయసు ముప్పై, కూలివాని భార్య, క్షయ. చావు వేళ దగ్గరున్నది సీలియా బారెట్, ఆమే కబురు నమోదు చేయించింది. పేరు కింద గీత. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఆ పుస్తకాల్లో మనిషి దేనివల్ల పోయిందో ఉంటుంది. ఎక్కడ పెట్టారో ఉండదు. ఆడమనిషి పుట్టింటి పేరూ ఉండదు.

"భుజం పట్టుకున్నది ఈ సీలియానే అయ్యుంటుంది," అంది సబైనా. ఆ పేరును వేలితో తాకి, కాగితం మాసిపోతుందేమోనని వెంటనే వేలు తీసేసింది.

తల్లి లవెల్‌ల సమాధిలోనే ఉందని ఇద్దరికీ తెలుసు. ఉర్సులా తన కారులో ఆమెను చర్చి కింది వీధికి తీసుకెళ్ళింది. ఆ ఇంట్లో మిగిలింది ఫిలోమినా లవెల్ ఒక్కతే, పీటర్ తమ్ముడి కోడలు. ఈసారి కూడా తలుపు సగమే తెరుచుకుంది.

"మా సమాధిలో ఎవరెవరున్నారో వేళ్ళ మీద చెప్పగలను," అంది ఫిలోమినా. "ఆనర్ అనే మనిషి లేదు."

"నా తల్లి. పీటర్ భార్య."

"ఉండొచ్చు. మా గోతిలో మాత్రం లేదు. ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. మా మామగారు పోయేదాకా ఒకటే చెప్పేవాడు. అన్న పీటర్‌కి పిల్లలు లేరని."

"నీ ఎదురుగా నిలబడ్డది ఎవరు మరి? దెయ్యమా?"

"నువ్వెవరో నాకెలా తెలుస్తుంది సబైనా? మా అత్తను కడిగావు, నన్నూ కడుగుతావేమో. దానికి నీకు దణ్ణం పెడతాను. సమాధి సంగతి వేరు."

కారులో సబైనా తలగుడ్డ గట్టిగా ముడి వేసుకుంది. మల్క్రోన్‌ల పెరటి ముందు ఆపమంది. ఫెస్టస్ అన్న కొడుకు మలకీ అక్కడ తలకిందులు చేసిన పడవకు తారు పూస్తున్నాడు. పినతల్లిని చూసి బ్రష్షు కింద పెట్టి, టోపీ తీశాడు.

"లోపలికి రా పిన్నీ. చలి."

"లోపలికి రావడానికి రాలేదు. ఫెస్టస్ పక్కన నాకు చోటిస్తావా, ఇవ్వవా? ఒక్కమాట చెప్పు."

మలకీ ముఖం ఎర్రబడింది. "నేను కాదంటున్నానా? నువ్వే కదా ఊరందరికీ చెప్పేదానివి! మా చిన్నపిన్ని డెలియాని కొండ అవతలికి పంపించమన్నదెవరు? మా చిన్నబాబాయి ఏడుస్తూ కాళ్ళు పట్టుకున్నా వినలేదు నువ్వు. 'కననిది తన వాళ్ళ దగ్గరికే' అన్నావు. ఇప్పుడు నీకొక్కదానికీ మార్చితే ఊరు నా మొహాన ఏమంటుంది?"

"నాకు పిల్లలు లేరని ఎవరన్నారు? ఒకడున్నాడు."

మలకీ కళ్ళు దించుకున్నాడు. ఉర్సులాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

"వాడు ఊపిరి తీయలేదు పిన్నీ," అన్నాడు మెల్లగా. "బాప్తిస్మం కానివాడు లెక్కలోకి రాడు. ఆ లెక్క నేను పెట్టానా? నేను పుట్టకముందునుంచీ ఉంది."

"నువ్వు పెట్టలేదు," అంది సబైనా. "తారు ఆరిపోతోంది, పూసుకో."

తిరిగి వస్తున్నప్పుడు ఆమె రోడ్డు కింద సముద్రపు ఒడ్డును చూపించింది. కూలిన గోడ, దాని లోపల ఒక వరస అంటూ లేకుండా రాళ్ళు. చర్చి ఆవరణలో చోటు దొరకని పసివాళ్ళను అక్కడ పెట్టేవాళ్ళు. ఫెస్టస్ తన చొక్కాలో చుట్టి పొద్దు పొడవకముందే తీసుకుపోయాడట. ఏ రాయి కిందో చాలాకాలం చెప్పలేదు. ఒకసారి పడవలోంచి వేలు చూపించాడు: గోడ విరిగినచోట తెల్లరాయి.

"ఆ రోజు నేను వాణ్ని కడగనే లేదు," అంది సబైనా. "ఊళ్ళో అందరినీ కడిగాను."

ఇక మిగిలింది పెళ్ళి నమోదు. అందులో పెళ్ళికూతురి తండ్రి పేరూ, ఊరూ ఉంటాయి. సబైనా పుట్టిన ఏడాది సుమారుగా లెక్క వేసుకుని ఉర్సులా వెనక్కి పదేళ్ళు వెతికింది. పీటర్ లవెల్ పెళ్ళి ఎక్కడా లేదు. దూరపు ఊళ్ళ పుస్తకాలు కూడా తెప్పించి చూసింది, వాటిలోనూ లేదు. సబైనా పుట్టుక కూడా నమోదు కాలేదు. కనీసం ఆ పేరుతో కాలేదు. ఆలోగా సబైనా కోటు రోజురోజుకీ వదులవుతూ వచ్చింది.

"దొరకలేదు పెద్దమ్మా," అంది ఉర్సులా చివరకు. "ఇంగ్లండులో చేసుకున్నారేమో."

"వెనక్కి చూశావు కదా. ముందుకి?"

ఉర్సులా కిటికీ వైపు చూసింది. ముందుకి చూడాలని ఆమెకు ఏనాడో తోచింది. బిడ్డ పుట్టాక జరిగిన పెళ్ళిని ఆ బిడ్డ ఎదురుగా వెతకడం మర్యాద కాదని ఆగిపోయింది. ఆ తీరంలో పెరిగిన ఎవరైనా అలాగే ఆగేవాళ్ళు.

"చూడలేదన్నమాట." సబైనా నవ్వింది, నవ్వితే కడుపు పట్టుకోవలసి వస్తోంది. "అమ్మాయ్, నేను శవాలు కడిగేదాన్ని. బట్టలు విప్పాక దొరసాని అంటూ ఎవరూ ఉండదు. చూడు."

ఉర్సులా ముందుకి చూసింది. సబైనాకు మూడేళ్ళున్న ఏడాది పుస్తకంలో దొరికింది. పీటర్ లవెల్, బ్రహ్మచారి, కూలివాడు, కిల్‌ఫార్నా. ఆనర్ కాఫర్కీ, అవివాహిత, ఇంటిపనిమనిషి. పెళ్ళికూతురి తండ్రి థేడీ కాఫర్కీ, గొర్రెల కాపరి, చిత్తడినేల వెనక కొండ మీది లెట్టర్‌మోన. సాక్షి సీలియా బారెట్, గీత. ఆ పేరు పట్టుకుని పుట్టుకల పుస్తకం తీస్తే అక్కడా దొరికింది: సబైనా కాఫర్కీ. తండ్రి పేరు ఉండవలసిన గడిలో అడ్డగీత.

ఉర్సులా అన్నీ చదివి వినిపించింది. ఆఖరి గీత సంగతి చెప్పాలా వద్దా అని క్షణం ఆగి, అదీ చెప్పింది. ఆ తర్వాత ఎలా ఓదార్చాలో తెలియక పుస్తకాన్ని సర్దుతున్నట్టు నటించింది. సబైనా ఓదార్పు కోసం చూడలేదు. ఎవరో పోయిన ఇంట్లో ఎక్కడేముందో ఒక్కసారి కలియజూసినట్టు ఆ సంగతుల్ని ఆమె కలియజూసుకుంటోంది.

"అయితే పీటర్‌కి పిల్లలు లేరు," అంది. "లవెల్‌లు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ లెక్కన మా అమ్మ కనని కోడలు."

"పెద్దమ్మా..."

"ఆగు. నన్ను లెక్కలో వేసుకుని ఉంటే చర్చి పక్కనే ఉండేది. వేసుకోలేదు. వేసుకోకపోతే ఎటు పంపుతారు?" ఆమె పెద్దచేయి బల్ల మీద నెమ్మదిగా కుడివైపుకి జరిగింది. "బండి కొండ వైపే తిరిగింది. నేను సరిగ్గానే చూశాను."

ఆ తీరంలో పుట్టని మనిషి ఎవరైనా మొదటిరోజే కొండ మీది సమాధులు కూడా వెతికేవాడని ఉర్సులాకు అప్పుడు తట్టింది. బిడ్డను కన్నది కాబట్టి భర్త వాళ్ళ దగ్గరే ఉంటుందని తామిద్దరూ ఎంత గట్టిగా నమ్మారంటే, కళ్ళారా చూసిన బండినే కాదనుకున్నారు.

లెట్టర్‌మోనలో అప్పటికి పొగ వచ్చే ఇల్లు ఒక్కటే. చిత్తడినేల మీదుగా కారు వెళ్ళినంత దూరం వెళ్ళి, మిగతాది సబైనా ఉర్సులా చెయ్యి పట్టుకుని, రెండు మూడు చోట్ల గట్టు మీద కూర్చుంటూ నడిచింది. కుక్క మొరిగింది. తలుపులో పొడుగాటి ముసలాయన నిలబడ్డాడు. కాఫర్కీలలో పెద్ద కొడుక్కి తాత పేరే పెడతారు, ఈయనా థేడీయే.

"ఓటు అడగడానికైతే పైకి రాకండి, నేను వెయ్యను," అన్నాడు.

"ఓటు కాదు. నేను ఆనర్ కూతుర్ని."

ఆయన కుక్కను కసిరి లోపలికి పంపాడు. దగ్గరికి వచ్చి ఆమె ముఖం చూశాడు.

"సబైనావా?"

ఆ పేరును ఆయన నోట విన్నప్పుడు ఆమె గోడకు ఆనుకుంది. ఉర్సులా నడుం పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, పొయ్యి ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. చిత్తడినేలలోంచి కోసి ఎండబెట్టిన మట్టిపెళ్ళలు పొయ్యిలో ఎర్రగా కాలుతున్నాయి. థేడీ నల్లటి టీ పోశాడు, తన కప్పులో ఏదో కలుపుకున్నాడు, అడగకుండానే సబైనా కప్పులోనూ కలిపాడు.

"నేను పదేళ్ళవాణ్ని," అన్నాడు. "చిత్తడినేల మీంచి బండి రావడం మొదట చూసింది నేనే. లవెల్ రాలేదు. బండివాడూ, ఒక పొరుగామే వచ్చారు."

"సీలియా."

"పేరు తెలియదు. మా నాన్న, అంటే నీ మేనమామ, నోరెత్తకుండా గొయ్యి తవ్వాడు. పూడ్చాక అడిగాడు, పిల్ల ఏదీ అని. ఇంకా ఆ ఊళ్ళోనే ఉందని ఆవిడ చెప్పింది. తెల్లారి మా నాన్న గాడిదబండి కట్టుకుని వెళ్ళాడు. అప్పటికే నిన్ను సన్యాసినులకు ఇచ్చేశాడట ఆ మహానుభావుడు. సరేనని అక్కడికీ వెళ్ళాడు."

సబైనా కప్పు కింద పెట్టింది. "శరణాలయానికా?"

"ఆ గేటు దాకా. సబైనా కాఫర్కీని తీసుకుపోవడానికి వచ్చానన్నాడు. ఆ పేరుతో ఎవరూ లేరన్నారు. ఇంకోసారి చూడమన్నాడు. చూసి, లేరన్నారు. బండిలో నీ కోసమని మా అమ్మ దుప్పటి పరిచి పంపింది. ఆ దుప్పటి మడత విప్పకుండా తెచ్చాడు."

"నేనక్కడే ఉన్నాను," అంది సబైనా. "లవెల్‌ని."

"ఎవరికి తెలుసు? తల్లికి మూరెడు గొయ్యి ఇవ్వనివాడు పిల్లకు పేరిస్తాడని మా నాన్న ఎలా అనుకుంటాడు?"

పొయ్యిలో ఒక పెళ్ళ విరిగి పడింది. సబైనా ఏడవలేదు. ఆమె ఏడవడం ఉర్సులా ఎన్నడూ చూడలేదు. "గేటుకు ఎదురుగానే వంటిల్లు," అంది, ఎవరితోనూ కాకుండా. "పొద్దస్తమానం అక్కడే ఉండేవాళ్ళం. బండి వచ్చిపోయే చప్పుడు వినబడేది. ప్రతిదానికీ తల ఎత్తి చూసేవాళ్ళం. ఆరోజు కూడా చూసే ఉంటాను."

సమాధులు ఇంటి వెనకే, గొర్రెలు దూరకుండా కట్టిన మొండిగోడ లోపల. పేర్లు చెక్కిన రాయి ఒక్కటీ లేదు. థేడీ వేలితో చూపించిన చోట నిలబెట్టిన మామూలు రాయి, నాచు పట్టి ఉంది. సబైనా వంగలేక మోకాళ్ళ మీద కూర్చుంది. జేబురుమాలు తీసి, ఉమ్మితో తడి చేసి, రాతి మీది నాచును తుడవడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి, తర్వాత చెంపలు తుడిచినట్టు పక్కలకు. ఏదో మాట్లాడుతోంది, గాలికి వినబడలేదు.

లేవదీసినప్పుడు ఆమె థేడీతో సూటిగా అంది: "నేను ఎక్కువ రోజులు ఉండను. ఇక్కడ చోటుందా?"

థేడీ గడ్డం గోక్కున్నాడు. "ఆ చోటు నాకోసం అనుకున్నాను. పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ని, అత్త పక్కనైతే గొడవుండదని."

ఉర్సులా సబైనా కోటుకంటిన మట్టి దులిపింది.

"నువ్వూ బక్కదానివే, నేనూ బక్కవాణ్ణే," అన్నాడు థేడీ. "సర్దుకుందాం. ముందు పోయినవాళ్ళు కింద, తర్వాత వచ్చినవాళ్ళు పైన. గురక పెడతావా?"

"నాకు తెలియదు. ఫెస్టస్ చెప్పలేదు."

"మంచివాడన్నమాట. రా, చలిగా ఉంది."

సబైనా గొర్రెలు ఈనే కాలం దాకా ఉంది. మంచం దిగలేని స్థితి వచ్చాక ఉర్సులా మధ్యాహ్నాలు ఆఫీసు మూసి ఆమె దగ్గరికి వెళ్ళేది. నొప్పి లేనప్పుడు సబైనా ఏర్పాట్లు చెప్పేది: తెల్ల దుప్పటి పెట్టెలో అడుగున ఉంది; కడిగేటప్పుడు తన కాళ్ళ గురించి జాలి పడవద్దు, ఎప్పుడూ వంకరే; బండిగానీ కారుగానీ చిత్తడినేల దారినే పోవాలి, చర్చి మలుపు దగ్గర ఎడమకు తిరగకుండా డ్రైవరుతో ముందే చెప్పాలి. చావు నమోదు చేయించేటప్పుడు దగ్గరున్నది ఉర్సులా అని రాయించాలి. "గీత వద్దు. నీకు రాత వచ్చు కదా, పేరు అందంగా రాయి."

కడగడం ఎవరు చేస్తారని ఉర్సులా అడిగినప్పుడు, "నువ్వే," అంది. "నీళ్ళు మోయడం వచ్చు, మిగతాది అదే వస్తుంది. మాట్లాడుతూ ఉండు, అంతే. బిగుసుకుపోయినవాళ్ళు మాటకు వదులవుతారు."

మలకీ ఒకసారి వచ్చాడు. గుమ్మంలో టోపీ నలుపుతూ, కావాలంటే ఫెస్టస్ పక్కనే, ఊరు ఏమనుకున్నా సరే, అన్నాడు. సబైనా ఆయన చెయ్యి పట్టుకుంది. "పోనీలే నాయనా. నాకు చోటు దొరికింది. ఆ మాట అనడానికి నువ్వెంత కష్టపడ్డావో నాకు తెలుసు." ఆయన వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకుంది.

చివరి మధ్యాహ్నం ఎండ వచ్చింది. సబైనా కళ్ళు మూసుకునే, ఉర్సులా చెయ్యి ఎక్కడుందో వెతికి పట్టుకుంది. గొంతు గాలిలా ఉంది. ఉర్సులా చెవి దగ్గరపెట్టి వినవలసి వచ్చింది.

"అమ్మాయ్. ఒడ్డు దగ్గర, గోడ విరిగిన చోట. తెల్లరాయి. నువ్వు చూశావు కదా?"

"చూశాను పెద్దమ్మా."

"వాడు ఏ పుస్తకంలోనూ లేడు. నువ్వు వెతికినా దొరకడు. నాతో రాకపోతే వాడు ఎవరివాడూ కాడు." ఊపిరి కూడదీసుకుంది. "ఆ రాయి తీసుకురా. మంచినీళ్ళతో కడుగు, గోరువెచ్చగా. ముఖం తుడిచినట్టు తుడువు. తర్వాత నా చేతులు కలిపేముందు మధ్యలో పెట్టు."